పైన హైవే, కింద ఊరు

కోహ్కాలో ఉండేవారు భిలాయ్ ఉక్కు కర్మాగారంలో షిఫ్టుకు వెళ్లాలంటే రెండు గీతలు దాటాలి. ఒకటి జీఈ రోడ్డుగా అందరికీ తెలిసిన గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు. రెండోది దాని పక్కనే సాగే హౌరా-ముంబయి రైలు మార్గం. కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరేనాటికే ఆ రెండూ ఉన్నాయి. కర్మాగారం, సెక్టార్లుగా కొలిచి గీసిన టౌన్‌షిప్ దక్షిణాన వెలిశాయి. క్వార్టర్లు దక్కనివారు, కాంట్రాక్టర్ల దగ్గర పనికి కుదిరినవారు, దుకాణాలు పెట్టుకున్నవారు ఉత్తరాన సుపేలా, కోహ్కాల వైపు సర్దుకున్నారు. పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువారూ వారిలో ఉన్నారు. అవతలి ఊరికి ప్లాను ఉంది. ఇవతలి ఊరికి రోడ్డే ప్లాను.

అప్పట్లో జాతీయ రహదారి 6, ఇప్పుడు 53 అయిన ఆ రోడ్డు నాగపూర్, రాయపూర్‌ల మధ్య తిరిగే లారీలకు దారి. భిలాయ్‌కి బజారు వీధీ అదే. రెండు పనులూ ఒకే రోడ్డు మోయలేకపోవడంతో ఇటీవలి ఏళ్లలో సుపేలా, పవర్ హౌస్ వంటి చోట్ల ఫ్లైఓవర్లు లేచాయి. ఊరి మధ్య నుంచి ఆగకుండా దూసుకుపోయే రోడ్డు ఎవరి కోసం? ఈ ప్రశ్న వయసు ఇంచుమించు వందేళ్లు.

మొదట్లో ఇది సరదా వ్యవహారమే. 1921లో బెర్లిన్‌లో ప్రారంభమైన అవుస్ కార్ల పందేలకూ పనికొచ్చింది. 1925లో పూర్తయిన న్యూయార్క్ బ్రాంక్స్ రివర్ పార్క్‌వేను చెట్ల మధ్య షికారు కోసం వేశారు. 1940లో లాస్ ఏంజెలిస్‌ను పాసడీనాతో కలిపిన అరోయో సెకో కూడా పార్క్‌వే పేరుతోనే వచ్చింది. కథను మలుపు తిప్పింది డబ్బు. 1956 నాటి అమెరికా చట్టం అంతర్రాష్ట్ర రహదారుల ఖర్చులో 90 శాతం కేంద్రమే భరిస్తుందని చెప్పింది. రూపాయి పనికి పది పైసలు పెట్టుకుంటే చాలన్నప్పుడు ఏ రాష్ట్రం వద్దంటుంది? రోడ్లు నగరాల నడిబొడ్డుకు చొచ్చుకొచ్చాయి. చట్టంపై సంతకం చేసిన ఐసెన్‌హోవరే 1960లో, ఇది తన అసలు ఆలోచనకు విరుద్ధమని అధికారుల దగ్గర వాపోయారు. అప్పటికే ఆలస్యమైంది.

దెబ్బ ఎలా ఉంటుందో బ్రాంక్స్‌లోని ఈస్ట్ ట్రెమాంట్ చూసింది. 90 రోజుల్లో ఇళ్లు ఖాళీ చేయాలంటూ 1952 డిసెంబరులో నోటీసులు వచ్చాయి. ఒక్క మైలు మేర రోడ్డు కోసం 1,530 కుటుంబాలు కదలాల్సి వచ్చింది. కాస్త పక్కగా, పార్కు అంచున వేస్తే దాదాపు అన్ని ఇళ్లూ మిగిలేవని స్థానికులు మ్యాపులు పట్టుకు తిరిగారు. నగర నిర్మాణాలను తన గుప్పిట్లో పెట్టుకున్న రాబర్ట్ మోజెస్ వినలేదు. ఆయన ఎన్నికైన నాయకుడు కాడు, ఓటు భయం లేదు. ఓటు భయం ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో బోర్డు మాత్రం 1959లో చాలా ఫ్రీవేలను తోసిపుచ్చింది. అప్పటికే సగం కట్టిన ఎంబార్కడెరో ఫ్రీవేను, 1989 భూకంపంలో దెబ్బతిన్నాక, 1991లో కూల్చేశారు.

మన దగ్గర చిత్రమేమిటంటే, జాతీయ రహదారుల చట్టం కూడా 1956 నాటిదే. దాని ప్రకారం ఆ రోడ్లు కేంద్రానివి. ఊరి నడుమ రహదారి ఎలా పోవాలో తేల్చేది ఆ ఊరి కార్పొరేషన్ కాదు. రాష్ట్రం సొంతంగా కట్టుకున్నా బుద్ధి పెద్దగా మారదు. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో మొదలైంది. శంషాబాద్ విమానం అందుకోవడానికి అది వరమే. కానీ నగరాన్ని నడిపించే ద్విచక్ర వాహనాలకు పైకి ప్రవేశం లేదు. వాటికి పిల్లర్ల మధ్య దారే గతి.

భిలాయ్‌ని బ్రాంక్స్‌తో పోల్చడం అతిశయోక్తే. ఇక్కడ రోడ్డు ముందు, ఊరు తర్వాత. పైగా లారీలు పైకి వెళితే కింద అడ్డంగా దాటేవారికి ప్రాణభయం తగ్గుతుంది. అయితే ఫ్లైఓవర్ లెక్కల్లో మిగిలేది ఆగకుండా పోయేవాడి సమయమే. కోహ్కా నుంచి సైకిల్ మీద వచ్చే కార్మికుడు ఎక్కడ దాటాలి, సుపేలా తోపుడు బండ్లవాళ్లు ఎక్కడ నిలబడాలి అన్నవి తర్వాత చూసుకునే విషయాలు. ఎలాగోలా అతడు రోడ్డు దాటినా, అవతల రైలు పట్టాలు ఉండనే ఉన్నాయి.