కుండ వ్యాసాలు ఆపి ఫ్రిజ్ తలుపు తీద్దాం

ఏప్రిల్ వచ్చిందంటే తెలుగు వెబ్ పత్రికల్లో కుండ వ్యాసం ఒకటి పడాల్సిందే. మట్టి వాసన, వట్టివేళ్ళు, అమ్మమ్మ చేతి చల్లదనం, చివర్లో ఫ్రిజ్ మీద ఒక శాపం. ఫ్రిజ్ ఎంత పెద్దదైతే శాపం అంత పెద్దది. కథల్లో రెండు తలుపుల ఫ్రిజ్ కనపడిందా, ఇక ఆ ఇంట్లో కొడుకు అమెరికాలో ఉంటాడు, ముసలాయన వృద్ధాశ్రమంలో ఉంటాడు, కోడలికి చారు పెట్టడం రాదు. పాఠకుడికి మిగతా కథ చదవాల్సిన పనే లేదు.

పాతబస్తీ మీద రాసేవాళ్ళది ఇంకో వరస. ఇరానీ చాయ్, లాడ్‌బజార్ గాజులు, అత్తరు సీసాలు, మక్కా మసీదు పావురాలు. ఇవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ శాలిబండలో, మొఘల్‌పురాలో, గౌలిపురాలో జనం రాత్రి మిగిలిన కూర ఎక్కడ పెడుతున్నారు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. పాతబస్తీని ఆదివారం పొద్దున కెమెరా పట్టుకుని చూసి రావడమే తప్ప, అక్కడ లక్షల మంది కాపురాలు చేస్తున్నారనీ, వాళ్ళకీ కరెంటు బిల్లులు వస్తాయనీ మన సాహిత్యానికి గుర్తుండదు.

నా వాదన రెండు ముక్కల్లో చెప్తాను. పెద్ద ఫ్రిజ్ కొనుక్కోవడం పాపం కాదు. ఆ ఫ్రిజ్ పాడైతే బాగుచేసుకునే దారి మన చేతుల్లో లేకపోవడం అన్యాయం. మనం మొదటిదాని మీద పేజీలకి పేజీలు నింపి, రెండోదాన్ని గాలికొదిలేశాం.

ముందు కుండ సంగతి. కుండ నీళ్ళని చల్లబరుస్తుంది, మంచిదే. కానీ పాలు విరిగిపోకుండా రాత్రి పది గంటలకి ఇంకోసారి కాచింది ఎవరు? మే నెలలో పొద్దున రుబ్బిన పిండి సాయంత్రానికి పులిసిపోతే మళ్ళీ రుబ్బింది ఎవరు? రెండు పూటలా వేడివేడిగా వండింది ఎవరు? కుండ వ్యాసాలు రాసేవాళ్ళలో ఎక్కువమంది ఆ కుండలో నీళ్ళు తాగినవాళ్ళే తప్ప నింపినవాళ్ళు కాదు. ఫ్రిజ్ వచ్చాక వంటింట్లో తగ్గిన పనిని లెక్కేయకుండా, పోయిన ‘రుచి’ని మాత్రమే లెక్కేస్తే అది సగం లెక్క.

అసలు హైదరాబాద్‌లో కూర్చుని ఫ్రిజ్‌ని పరాయి సరుకు అనడమే వింత. 1942లో నిజాం ప్రభుత్వపు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లాదిన్ అండ్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. తర్వాత అదే హైదరాబాద్ ఆల్విన్ అయింది. ఆ కంపెనీ బస్సు బాడీలు, బీరువాలు, గడియారాలు చేసింది, వాటితోపాటు సనత్‌నగర్‌లో ఫ్రిజ్‌లు తయారయ్యాయి. 1990ల్లో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. అంటే ఈ ఊరి మనుషులు ఫ్రిజ్‌లు కొన్నవాళ్ళు మాత్రమే కాదు, రేకు వంచి, రంగు కొట్టి చేసినవాళ్ళు. వాటిని విప్పడమూ వచ్చు, మళ్ళీ బిగించడమూ వచ్చు. మన నాస్టాల్జియా కుండ దాకా పోతుంది గానీ మధ్యలో సనత్‌నగర్ దగ్గర ఆగదు. ఫ్యాక్టరీ మీద కవిత్వం రాయడం కష్టం కాబోలు.

ఇక ‘అంత పెద్దది ఎందుకు’ అనేవాళ్ళకి చిన్న కూడిక, భాగహారం. శాలిబండలో మా ఇంట్లో పదకొండు మందిమి. ఫ్రిజ్ 600 లీటర్లది, అంటే తలకి 55 లీటర్లు కూడా రావు. గచ్చిబౌలి ఫ్లాట్‌లో మొగుడూ పెళ్ళాలిద్దరికి 300 లీటర్ల ఫ్రిజ్ ఉంటే తలకి 150. ఎవరిది దుబారా? సైడ్ బై సైడ్ ఫ్రిజ్ ప్రకటనల్లో ఎప్పుడూ నలుగురే నవ్వుతుంటారు. నిజానికి అది అవసరమైనది ఉమ్మడి కుటుంబాలకి, బక్రీద్‌కీ బోనాలకీ ఇంటినిండా చుట్టాలు దిగేవాళ్ళకి.

‘ఫ్రిజ్ వచ్చాక పంచుకోవడం పోయింది’ అనే మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. కొట్టిపారేయదగ్గ మాట కాదు. బక్రీద్‌కి కుర్బానీ మాంసాన్ని మూడు పాళ్ళు చేసి, ఒకటి పేదలకి, ఒకటి చుట్టాలకీ స్నేహితులకీ, ఒకటి ఇంటికి అనేది ఆనవాయితీ. ఫ్రీజర్ ఉంటే మూడో పాలు మెల్లగా ఉబ్బే ప్రమాదం ఉన్నమాట నిజం. కానీ దాచుకోవడం ఫ్రీజర్‌తో పుట్టలేదు. కుర్బానీ మాంసం మూడు రోజులకి మించి దాచొద్దని ప్రవక్త ఒక కరువు ఏడాది చెప్పి, తర్వాత ఆ నిషేధం ఎత్తేశారని హదీసుల్లోనే ఉంది. అంటే ఫ్రిజ్ లేని ఎడారిలో కూడా దాచుకునే సమస్య ఉంది, దానికి జవాబు యంత్రంలో కాకుండా మనిషి నడతలో వెతికారు. మన తెలంగాణ పల్లెల్లో మాంసాన్ని కోసి ఎండబెట్టి ఒట్టితునకలు చేసుకున్నదీ దాచుకోవడానికే. దాన్ని సంస్కృతి అంటాం. అదే పని ఫ్రీజర్‌లో చేస్తే వినియోగదారీ సంస్కృతి అంటాం. మొదటి మాటకి దండ, రెండో మాటకి దండన. ఎందుకో ఎవరూ చెప్పరు.

అయితే ఈ ఫ్రిజ్‌ని నేను నెత్తిన పెట్టుకుంటున్నాననుకోకండి. దాని మీద నాకున్న ఫిర్యాదులు కుండవాదులకి ఉన్నవాటికంటే ఎక్కువ. దాని వెడల్పు సుమారు 90 సెంటీమీటర్లు, బరువు ఒక క్వింటాల్ చుట్టుపక్కల. మా పాత ఇంటి జంట రెక్కల గుమ్మంలోంచి అది పట్టదు. తలుపులు ఊడదీసి, అడ్డంగా తిప్పి, గల్లీ మొదటి నుంచీ మోసుకు రావాలి. అంత వెడల్పూ నిలువుగా రెండుగా చీలిపోయి ఉంటుంది కాబట్టి లోపల లగన్ పట్టదు, బిర్యానీ దేగ్చా పట్టదు. చాలా మోడళ్ళలో చల్లబరిచే కాయిల్ ఒక్కటే, ఫ్రీజర్ వైపు. అక్కడి గాలినే ఫ్యాన్ రెండోవైపుకి తోస్తుంది. అందుకే ఎండుచేపలు మూతలేకుండా పెడితే ఐసుకి కూడా ఆ వాసన. ఇది మన వంటిళ్ళు చూసి గీసిన బొమ్మ కాదని అడుగడుగునా తెలుస్తుంది.

కరెంటు సంగతీ ఉంది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళకి 2024 నుంచి గృహజ్యోతి కింద నెలకి 200 యూనిట్ల దాకా ఉచితం. దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఒకే మీటర్ మీద రెండు మూడు సంసారాలు నడిచే ఇంట్లో పెద్ద ఫ్రిజ్ ఆ గీత దాటించగలదు. ఉమ్మడిగా బతికే ఇంటికి ఒకే మీటరు, ఒకే గీత. విడిపోతే రెండు గీతలు. ఇది కదా వ్యాసం రాయాల్సిన విషయం!

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది రిపేరు.

మా ఫ్రిజ్‌లో ఒకరోజు ఫ్రీజర్ గడ్డకట్టి ఉంది, రెండోవైపు మాత్రం వేడెక్కింది. డిస్‌ప్లే మీద ఒక అక్షరం, ఒక అంకె. కంపెనీ మనిషి వచ్చి, అయిదు నిమిషాలు చూసి, బోర్డు మార్చాలన్నాడు. ధర ఫ్రిజ్ ఖరీదులో నాలుగో వంతు. పదేళ్ళ వారంటీ ఉంది కదా అంటే, అది కంప్రెసర్‌కి మాత్రమేనట. సరే మార్చండి అంటే బోర్డు స్టాక్ లేదు. పంతొమ్మిది రోజులు గడిచాయి. ఆ పంతొమ్మిది రోజులూ మా వదినలు పదకొండు మందికి పూటపూటకీ వండారు, పాలు మూడుసార్లు కాచారు. కంపెనీ రశీదులో ఈ పని ఖరీదు ఎక్కడా పడదు.

చివరికి పక్క గల్లీ మెకానిక్ వచ్చాడు. వెనక ప్యానెల్ విప్పి, కాయిల్ మీద పేరుకున్న మంచు కరిగించి, మల్టీమీటర్ పెట్టి చూశాడు. బోర్డు బాగానే ఉంది. మంచు కరిగించే హీటర్‌ని ఎప్పుడు నడపాలో చెప్పే సెన్సర్ పోయింది. చిటికెన వేలంత ముక్క. సామాను, కూలి కలిపి ఏడొందలు తీసుకున్నాడు. ఆ కోడ్‌కి అర్థమేంటో తెలిసుంటే మొదటిరోజే అయిపోయే పని. కానీ అర్థం రాసిన పుస్తకం కంపెనీ దగ్గరే ఉంటుంది, బయటివాళ్ళకి ఇవ్వరు. నేను రోజూ ఎర్రర్ కోడ్‌లు రాసి బతికే మనిషిని. అర్థం దాచిపెట్టిన ఎర్రర్ కోడ్‌ని సమాచారం అనరు, తాళం అంటారు. పాతకాలపు ఫ్రిజ్‌లకి తాళంచెవి ఉండేది, అది అత్తగారి బొడ్లో ఉండేది. ఇప్పుడది కంపెనీ బొడ్లోకి పోయింది. అత్తగారినైనా బతిమాలుకోవచ్చు.

‘కొత్త ఫ్రిజ్‌లలో మండే గ్యాస్ ఉంటుంది, గల్లీ మెకానిక్ చేతిలో పెడితే ప్రమాదం’ అని కంపెనీల తరఫు వాదన. నిజమే, ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్-600ఏ అంటే ఐసోబ్యూటేన్, వంటగ్యాస్‌కి దగ్గరి చుట్టం. దాని దగ్గర మంట పెట్టి గొట్టాలు అతకడం ఆట కాదు. కానీ సెన్సర్ మార్చడానికి గ్యాస్ ముట్టుకోవాల్సిన పనే లేదు. గ్యాస్ పనికి భయమైతే శిక్షణ ఇవ్వండి, మాన్యువల్ ఇవ్వండి. అవి ఇవ్వకుండా ప్రమాదం పేరు చెప్పడమంటే, ఈత నేర్పకుండా చెరువుకి కంచె వేసి టికెట్ పెట్టడం. మాన్యువల్ దొరకని మెకానిక్‌లు జుమ్మెరాత్ బజార్‌లో పాత బోర్డులు కొని విప్పి నేర్చుకుంటున్నారు. నిజంగా ప్రమాదం ఎక్కడుందో చూడండి.

ఇది ఎక్కడా సాధ్యం కానిది కాదు. యూరప్‌లో 2021 మార్చి నుంచి ఒక నియమం ఉంది: ఒక ఫ్రిజ్ మోడల్ ఆఖరి యూనిట్ మార్కెట్‌లోకి వచ్చాక కూడా కనీసం 7 ఏళ్ళు థర్మోస్టాట్లు, సెన్సర్లు, సర్క్యూట్ బోర్డులు దొరకాలి, తలుపు రబ్బరు 10 ఏళ్ళు దొరకాలి. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. మంచిదే. కానీ పోర్టల్ అంటే కంపెనీలు చెప్పదలుచుకున్నది చెప్పే చోటు, చెప్పి తీరాలనే చట్టం కాదు.

రాసేవాళ్ళని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. తలుపు రబ్బరు సందుల్లో బూజుని పాత టూత్‌బ్రష్‌తో తోమే ఆడమనిషిని రాయండి. ఏ డబ్బాలో ఏముందో, ఏది ఎప్పటిదో పదకొండు మంది తరఫున ఆమె ఒక్కతే గుర్తుపెట్టుకుంటుందని రాయండి. రాగి గొట్టం అతకడంలో ముప్పై ఏళ్ళ చేయి తిరిగిన మెకానిక్, ఒక అక్షరం, ఒక అంకె ముందు నిరక్షరాస్యుడిగా ఎలా మారాడో రాయండి. పాతబస్తీ కథలు ఇవి కూడా.

కొనేవాళ్ళని అడిగేది ఇంకా చిన్నది. షోరూంలో ఐసు ముక్కలు ఎలా పడతాయో చూపిస్తారు, చూడండి. చూశాక మూడు ప్రశ్నలు వెయ్యండి: దీని బోర్డు ఎన్నేళ్ళు దొరుకుతుంది? ఎర్రర్ కోడ్‌ల జాబితా నా చేతికి ఇస్తారా? వారంటీలో లేనివి ఏవి, రాసిస్తారా? ఒక్కరు అడిగితే సేల్స్ కుర్రాడు నవ్వుతాడు. వారానికి పదిమంది అడిగితే ఆ ప్రశ్న పైకి పోతుంది.