ఇసుకగుంటలో నేర్చిన విద్య

గతమాసమున నొక పెద్దమ్మగారు మాకు జాబు వ్రాసిరి. వారి మనుమడు అమెరికాలో జన్మించి యచ్చటనే కళాశాలలో చదువుచున్నాడు. సెలవులకు వచ్చిన యా పిల్లవానిని బంధువులు చుట్టుముట్టి, “నీవు మావాడవా, వారివాడవా?” యని పరిహాసమాడగా నతడు బదులు చెప్పక లోపలికి బోయి తలుపు వేసికొనెనట. వీడు రెంటికి చెడ్డ రేవడి యగునేమో యని యామె బెంగ.

ఈ బెంగ మనకు క్రొత్త కావచ్చును గాని లోకమునకు క్రొత్త గాదు. అమెరికాలోని కొరియా తల్లులు దీనిని నూరేండ్లకు పైబడి యెరుగుదురు. వారి కథ కొంత చెప్పెదము.

1903 జనవరిలో సుమారు నూరుమంది కొరియావారు ఓడదిగి హవాయి ద్వీపముల చెఱకుతోటలలో కూలికి కుదిరిరి. తరువాతి రెండేండ్లలో వేలకొలది జనము వారిని వెంబడించెను. ఇంతలో 1910లో జపాను వారి దేశమును కబళించెను. అది 1945 వరకు మరల స్వతంత్రము కాలేదు. వెనుక దేశము లేదు. ముందున్న దేశములో నైనను స్థానము లేదు. ఏలయన, ఆనాటి అమెరికా శాసనము ప్రకారము కొరియావారు పౌరులు కాజాలరు. పౌరులు కాజాలనివారు కాలిఫోర్నియాలో సాగుభూమి కొనరాదని 1913లో మరియొక శాసనము పుట్టెను. అయినను ఆ గడ్డమీద పుట్టిన బిడ్డ మాత్రము పుట్టుకతోనే పౌరుడు! ఒక్క కప్పు క్రింద బిడ్డ స్వదేశి, కన్నవారు పరదేశులు. ఇట్టి యింట పెరిగిన పిల్లవానిని “నీ వెవ్వరివాడవు?” అని యడిగిన నేమి చెప్పగలడు?

అట్టి యింట 1920లో, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున సామ్యూల్ లీ జన్మించెను. జనులు సామీ లీ యని పిలుతురు. తలిదండ్రులు చిన్న భోజనశాల నడుపుకొని జీవించిరి. కుమారుడు వైద్యుడు కావలెనని తండ్రి పట్టుదల. కుమారుని మనస్సో, నీళ్లమీద నుండెను. 1932లో లాస్ ఏంజిలిస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు పండ్రెండేండ్ల యా బాలుడు, తానును ఒకనాడు విజేత నగుదునని తండ్రితో చెప్పెనట.

ఎత్తునుండి నీటిలోనికి దుముకు విద్య యతనికి ప్రియమైనది. అయితే పాసడేనాలోని సర్కారు ఈతకొలనులో తెల్లవారు కాని పిల్లలకు వారమున కొక్కదినమే ప్రవేశము. ఆ దినము గడచిన పిమ్మట కొలనులోని నీరు తీసివేసి క్రొత్తనీరు నింపెడివారు. సోదరీమణులారా, ఈ మాట చదివినప్పుడు మన బావుల చరిత్ర మనకు జ్ఞప్తికి రాకపోదు. ఇతరులను తప్పుపట్టునప్పుడు మన వాకిలియు చూచుకొనుట మంచిది.

వారమున కొక్కదినముతో విద్య యబ్బునా? అతని గురువు తన పెరటిలో గుంట త్రవ్వించి యిసుకతో నింపెను. శిష్యుడు నీటికి మారుగా నా యిసుకలోనికి దుముకుచు సాధనచేసెను. ఇసుకలోనుండి యెగురుట కష్టము. ఆ కష్టమే యతని కాళ్లకు బలమయ్యెను.

తరువాత నాతడు లాస్ ఏంజిలిస్‌లోని ఆక్సిడెంటల్ కళాశాలలో చేరెను. ఒకచేత వైద్యమునకు వలయు శాస్త్రగ్రంథములు, వేరొకచేత క్రీడాసాధన. 1941 డిసెంబరులో జపానుతో యుద్ధము వచ్చినప్పుడు, కొరియావారిని జపానువారని పొరబడువా రెందరో యుండుటచే, “నేను కొరియావాడను” అను బిళ్లలను కొందరు చొక్కాలకు తగిలించుకొని తిరుగవలసివచ్చెను. ఆ దినములలోనే, 1942లో, ఈ విద్యార్థి అమెరికా జాతీయ పోటీలలో విజేత యయ్యెను. 1943లో పట్టము పొందెను. 1947లో వైద్యుడై తండ్రి కోరిక చెల్లించెను. 1948లో లండను ఒలింపిక్ క్రీడలలో పదిమీటర్ల వేదికనుండి దుమికి స్వర్ణపతకము గెలిచి తన కోరికయు చెల్లించుకొనెను. స్వతంత్ర భారతము హాకీలో స్వర్ణము గెలిచినదియు నా క్రీడలలోనే. 1952లో హెల్సింకీలో, సరిగా తన ముప్పదిరెండవ పుట్టినదినమున, మరల స్వర్ణము గెలిచెను. చిత్రమేమన, కొరియానుండి వచ్చిన పెద్దలకు అమెరికా పౌరసత్వపు తలుపు తెరచినదియు నా 1952 సంవత్సరమే. బిడ్డలు దేశమునకు కీర్తి తెచ్చుచుండగా పెద్ద లంతకాలము వాకిట నిలిచియుండిరి.

సైనిక వైద్యుడుగా కొరియాలో పనిచేసి వచ్చిన యా మహనీయునికి 1955లో గార్డెన్ గ్రోవ్‌లో ఇల్లమ్మ నిరాకరించిరి. పతకములున్నను ముఖము మారదు గదా! అయినను ఆయన చేదును మింగి పరులకు విద్య నేర్పెను. తొంబదియారేండ్లు జీవించి 2016లో పరమపదించెను. లాస్ ఏంజిలిస్‌లో నేడొక ప్రాథమిక పాఠశాల యాయన పేర నున్నది.

1965లో శాసనము మారిన పిమ్మట కొరియావారు లక్షలుగా అమెరికా చేరిరి. అచ్చటి తల్లులు పుట్టినదినమున సముద్రపు నాచుతో చారుకాచి బిడ్డకు పోయుదురు. బాలింతకు పెట్టు చారును అదియే. నిన్ను కన్నతల్లిని తలచుకొనుమని దాని భావము. శనివారములందు పిల్లలను తమ బడులకు పంపి, సేజోంగ్ రాజు 1446లో ప్రజలకిచ్చిన యక్షరములను దిద్దింతురు. ఆ పిల్లలు పెద్దవారై సంగీతమో, క్రీడయో, శాస్త్రమో తమకు నచ్చినది చేపట్టుదురు. చారు తల్లి యిచ్చినది, చేపట్టిన విద్య తాము కోరినది. ఈ రెంటికిని వైరమేమియు లేదు.

కావున పెద్దమ్మగారూ, మీ మనుమని “ఎవ్వరివాడవు?” అని యెవ్వరిని అడుగనీయకుడు. “నీ కేది యిష్టము?” అని మీరే యడుగుడు. చెప్పినది శ్రద్ధగా వినుడు. పిమ్మట మీ చేతి పప్పుచారు పోసి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని ‘అ ఆ’లు దిద్దింపుడు. తలుపు తానే తెరచుకొనును.

ఈ మాట మేము తేలికగా చెప్పుటలేదు. ఉపాధ్యాయుని యింట చదువే దైవమని నమ్మి, మా చిన్నవాని చేతి బంతిని లాగి బీరువాలో పెట్టి తాళము వేసినవారము మేము. ఈ కథ చదివిన సాయంకాలము ఆ తాళము తీసితిమి. వాడు బంతి తీసికొని వీధిలోనికి పరుగెత్తెను. దీపము పెట్టువేళకు తానే వచ్చి, పిలువకయే, పుస్తకము తెరచెను.