పొదుగుకు తగిలింది దిష్టి కాదు

ఈనిన ఆవు పొదుగు ఉన్నట్టుండి గట్టిపడి, ఎర్రబడి, చెయ్యి వేస్తే తన్నడం మొదలుపెడితే మన పల్లెల్లో చాలా ఇళ్లలో ముందుగా వినిపించే మాట ‘దిష్టి తగిలింది’ అని. ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేస్తారు, మెడలో నల్లతాడు కడతారు, మంత్రం వేసే మనిషికి కబురు పెడతారు. పాలలో తరకలు, నెత్తుటి చారలు కనిపించాక కూడా రెండు మూడు రోజులు ఇలాగే గడిచిపోతాయి. దీన్ని మూఢత్వమని కొట్టిపారేసి ఊరుకుంటే లాభం లేదు. దాని వెనక రైతు కళ్లారా చూసిన సంగతి ఒకటుంది. పొదుగువాపు అనే ఈ జబ్బు వట్టిపోయే దశలో ఉన్న ఆవుకన్నా బాగా పాలిచ్చే ఆవుకే ఎక్కువగా వస్తుంది. అదీ ఈనిన కొద్ది రోజుల్లో, దూడను చూడడానికీ జున్నుపాలకూ నలుగురూ వచ్చి, ఆ పొదుగును మెచ్చుకుని వెళ్లిన రోజుల్లో వస్తుంది. రైతు చూసింది నిజమే. దానికి చెప్పుకున్న కారణమే తప్పు.

ఈనే ముందూ వెనకా కొన్ని వారాలు ఆవు ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. చన్ను కొసన ఉన్న సన్నని రంధ్రం పాలు పితికిన తర్వాత అరగంట నుంచి గంట దాకా పూర్తిగా మూసుకోదు. ఆ వేళలో ఆవు పేడా మూత్రమూ నిండిన నేల మీద పడుకుంటే ఈ-కోలై లాంటి సూక్ష్మజీవులకు దారి తెరిచినట్టే. స్టెఫైలోకాకస్ జాతి క్రిములు మరో దారిలో వస్తాయి: పితికేవారి చేతులు, అన్ని పొదుగులూ తుడిచే ఒకే గుడ్డ. బొటనవేలు మడిచి, దాని కణుపుతో చన్నును నొక్కి పితికే అలవాటు లోపలి పొరను గాయపరుస్తుంది. ఫ్రాన్స్‌లో నోకార్, మొలెరో అనే పశువైద్యులు 1880లలోనే ఈ జబ్బు ఒక ఆవు నుంచి మరో ఆవుకు అంటుకుంటుందని చూపించారు. చూసిపోవడానికి వచ్చినవారికీ జబ్బుకూ ఉన్న సంబంధమల్లా రెండూ ఒకే వారంలో రావడమే.

‘మంత్రం వేయించాక తగ్గింది కదా’ అనే మాటకు జవాబు చెప్పాలి. తగ్గడం చాలాసార్లు నిజమే. ఈ-కోలై వల్ల వచ్చిన వాపును ఆవు శరీరమే కొద్ది రోజుల్లో వదిలించుకోవడం కద్దు. ఆ మధ్యలో ఏది చేసినా దానికే పేరొస్తుంది. మరికొన్నిసార్లు వాపు దిగుతుంది కానీ జబ్బు పోదు. క్రిములు పొదుగు కణజాలంలోనే దాక్కుంటాయి, పాలు తెల్లగా కనిపిస్తూనే నెలల తరబడి తగ్గిపోతూ ఉంటాయి. ఇది నమ్మమని అడగాల్సిన విషయం కాదు, ఎవరికి వారు చూడగలిగినది. 1957లో షామ్, నూర్లాండర్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో తయారుచేసిన పరీక్షకు నాలుగు గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెం, కొంచెం ఊదారంగు ద్రావణం చాలు. ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలోకి పితికి, అంతే ద్రావణం పోసి పళ్లెం గుండ్రంగా తిప్పితే, ఆరోగ్యంగా ఉన్న చన్ను పాలు నీళ్లలా కదులుతాయి. జబ్బున్న చన్ను పాలు జిగటగా చిక్కబడి గుంట మధ్యకు ముద్దకడతాయి. క్రిములతో పోరాడడానికి పొదుగులో చేరిన తెల్లకణాలు ద్రావణంలో పగిలి, వాటిలోని డీఎన్ఏ జిగురులా మారడమే దీనికి కారణం. ఆ ద్రావణం దొరకనిచోట బట్టల సబ్బుపొడిని లీటరు నీటికి సుమారు 30 గ్రాములు కలిపి వాడే పద్ధతి కూడా ఉంది. దిష్టి తీసిన ఆవుకు వారం తర్వాత ఈ పరీక్ష చేస్తే, జబ్బు పోయిందో దాక్కుందో గుంటలోనే కనిపిస్తుంది.

నష్టం లెక్క చూస్తే ఈ దాక్కున్న జబ్బే పెద్దది. పొదుగువాపు వల్ల దేశానికి ఏటా 52.9 కోట్ల రూపాయల నష్టమని 1962లో లెక్కగట్టారు. 2001 నాటి అంచనాలో అది 6,053 కోట్లకు చేరింది. అందులో 4,365 కోట్లు కంటికి కనిపించని పొదుగువాపు వల్లనే. ఇంటి లెక్కలో చెప్పుకుంటే, రోజుకు 10 లీటర్లిచ్చే ఆవు 1 లీటరు తగ్గినా 300 రోజుల ఈతలో 300 లీటర్లు పోతాయి. లీటరు 35 రూపాయలనుకుంటే 10,500. జబ్బు పాలలో ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాని ఘనపదార్థాల శాతం) కూడా పడిపోతుంది కాబట్టి మిగిలిన పాలకు పాలకేంద్రంలో ధర కోత. ఒక చన్ను పూర్తిగా ఎండిపోతే సంతలో ఆవు విలువే పడిపోతుంది. వాపు, ఎరుపు, నెత్తురు కనిపిస్తే తప్ప దిష్టి గుర్తుకు రాదు. కనుక నష్టంలో పెద్దవాటా ఆ నమ్మకం చూపు ఆనని చోటే జరిగిపోతోంది.

‘పది రూపాయల నిమ్మకాయలతో పోయేదేముంది?’ అంటారు. పోయేది సమయం. కొన్ని రకాల పొదుగువాపులో విషం నెత్తురులోకి ఎక్కి ఆవు ఒకటి రెండు రోజుల్లోనే చచ్చిపోవచ్చు. మిగతావాటిలో ఆలస్యమయ్యేకొద్దీ పాలు తయారుచేసే కణజాలం మచ్చకట్టి, తిరిగి రాదు. ఇంకా బాధాకరమైనది మనుషుల మధ్య జరిగే నష్టం. దిష్టి అన్నాక ‘ఎవరిది’ అనే ప్రశ్న ఆగదు. అది పిల్లలు లేని పక్కింటి ఆడమనిషి మీదికో, వితంతువు మీదికో, నెలసరి రోజుల్లో కొట్టంలోకి వచ్చిన కోడలి మీదికో పోతుంది. చేతబడి అనుమానంతో మనుషులను చంపిన ఘటనలు తెలుగు నేల మీద జరుగుతూనే ఉన్నాయి. దిష్టి మాట నుంచి ఆ అనుమానానికి దూరం చాలా తక్కువ. చేతులు కడుక్కోకుండా పితికినవారి తప్పును ఏ పాపమూ ఎరగని స్త్రీ మీద మోపడం ఘోరమైన అన్యాయం.

‘మరి పెద్దల వైద్యమంతా తప్పేనా?’ కాదు. కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15 కలిపి నూరి పొదుగుకు పూయమని జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థే ప్రచారం చేస్తోంది. హేతువాదికి దానితో పేచీ లేదు. పూత వేశాక పాలలో తెల్లకణాలు తగ్గాయో లేదో కొలవవచ్చు, వేయని ఆవులతో పోల్చవచ్చు, పనిచేయదని తేలితే మానేయవచ్చు. మంత్రానికి ఆ వీలు లేదు. తగ్గితే మంత్రం గొప్ప, తగ్గకపోతే దిష్టి గట్టిది. ఏ ఫలితం వచ్చినా ఓడిపోని మాట నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

పశువైద్యుడు దూరం, మంత్రగాడు దగ్గర అనే అభ్యంతరం మాత్రం బరువైనది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార వైద్యశాల వచ్చే ఏర్పాటు ఉన్నా, అది వేళకు రాని ఊళ్లున్నాయి. ఆ తప్పు రైతుది కాదు. అయితే నివారణకు డాక్టరు అక్కర్లేదు: పితికే ముందు పొదుగు కడిగి ఒక్కో ఆవుకు వేరే గుడ్డతో ఆరతుడవడం, పిడికిలి నిండుగా పట్టి పితకడం, తర్వాత చన్నుల కొసలు అయొడిన్ ద్రావణంలో ముంచడం, వెంటనే మేత వేసి గంటసేపు నిలబడేలా చూడడం, జబ్బు చన్ను పాలను కొట్టంలో నేల మీద పారబోయకపోవడం. మిగిలింది డెయిరీల పని. రోజూ పొద్దున వెన్న శాతం కొలిచే ప్రతి పాలకేంద్రంలోనూ ఆ నాలుగు గుంటల పళ్లెం ఒకటి పెట్టి, నెలకోసారి ప్రతి ఆవు పాలను చన్నుల వారీగా పరీక్షించి, ఫలితాన్ని రైతు చేతిలోని పాల పుస్తకంలో రాసివ్వాలి.