జీపుకి బంపర్ మనమే చేసుకుందాం, గార్డు మాత్రం వద్దు

మా పాత మహీంద్రా మేజర్ జీపుకి ముందు బంపర్ మా షెడ్డులోనే ఎలా చేసుకున్నామో పై వీడియోలో మొత్తం చూపించాను. కటింగ్, వెల్డింగ్, ఫిట్టింగ్ అన్నీ అందులోనే ఉన్నాయి. ఇక్కడ రాసేది వీడియోలో చెప్పడానికి టైం చాలని సంగతి. అదేంటంటే, అంత కష్టపడి బంపర్ చేసి, దాని మీద పైపుల గార్డు ఎందుకు పెట్టలేదు అని.

జీవామృతం గురించి చెప్పే చోట జీపు బంపర్ గోల ఏంటి అని కొందరికి అనిపిస్తుంది. కానీ ఆలోచించండి. 200 లీటర్ల డ్రమ్ము నింపితే నీళ్ళ బరువే రెండు వందల కిలోలు. అలాంటివి రెండు, పైన ఘనజీవామృతం బస్తాలు, ఇద్దరు మనుషులు. ఈ బరువుతో వానాకాలం నల్లరేగడి దారిలో పోతే బండి దిగబడక ఏమవుతుంది? దిగబడిన బండిని ట్రాక్టర్‌తో లాగుతాం. అప్పుడు మోకు ఎక్కడ కట్టాలో తెలీక చేతికి అందిన చోట కడతాం. కొందరు స్టీరింగ్ రాడ్డుకి కట్టేస్తారు. రాడ్డు వంగితే బండి బురదలోంచి బయటికి వచ్చినా ఇంటికి మాత్రం తిన్నగా రాదు. కట్ట స్ప్రింగుల దగ్గర షాకిల్‌కి కట్టినా అంతే. కాబట్టి పొలం బండికి ముందు వైపు నిజంగా కావాల్సింది రెండు గట్టి లాగుడు కొక్కేలు, గట్టు ఎక్కేటప్పుడు అడ్డం రాని ఒక ఛానల్. ఇంతే. మిగతాదంతా అలంకారం.

అలంకారం అన్నానని కొందరికి కోపం రావచ్చు. మా చిన్నాన్నకీ వచ్చింది. "ముందు ఏమీ లేకపోతే బండి బోసిగా ఉందిరా, రెండంగుళాల పైపులతో ఒక గార్డు కొట్టెయ్" అన్నాడు. నా దగ్గర వెల్డింగ్ మెషిన్ ఉందని తెలిశాక, గానుగ నూనె కోసం వచ్చేవాళ్ళు కూడా వాళ్ళ బొలేరోలకి గార్డు చేసి పెట్టమని అడుగుతున్నారు. డబ్బులిస్తామంటున్నారు. నేను చేయను. ఎందుకో చెప్తాను.

మన ఊరి దారిలో బండికి ఎదురొచ్చేది ఎవరు? బడికి పోయే పిల్లలు, మేకలు తోలుకొచ్చే ముసలమ్మ, మోపెడ్ మీద గడ్డిమోపు పెట్టుకొచ్చే పెద్దాయన. బానెట్ రేకుకి మనిషి తగిలితే రేకు కొంచెమైనా లోపలికి పోతుంది, దెబ్బలో కొంత అది తీసుకుంటుంది. మూడు ఎంఎం మందం పైపు పోదు. దెబ్బ మొత్తం మనిషికే. పైగా ఆ గార్డు ఎత్తు ఎంతుంటుందో ఒకసారి నిలబడి చూడండి. పెద్దవాళ్ళకి తొడ, నడుము దగ్గర వస్తుంది, పిల్లలకైతే ఛాతీకి, తలకి. మెల్లగా పోయినా ప్రమాదమే.

రెండోది లోపల కూర్చున్నవాళ్ళ సంగతి. మా మేజర్‌కి ఎయిర్‌బ్యాగులు లేవు. కానీ 2019 జూలై నుంచి తయారైన కార్లలో డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. గుద్దుకున్నప్పుడు బండి ముందు భాగం ఎంత వేగంగా నలుగుతుందో లెక్కగట్టి ఆ సెన్సార్లు పెడతారు. మనం తీసుకెళ్ళి చాసీకి నేరుగా ఇనుప గార్డు బిగిస్తే ఆ లెక్క మారిపోతుంది. చిన్న దెబ్బకే బ్యాగు తెరుచుకోవచ్చు, పెద్ద దెబ్బకి ఆలస్యం కావచ్చు. నలగాల్సిన ముందు భాగం నలగకపోతే ఆ ఊపు అంతా సీట్లో కూర్చున్న మనకే వస్తుంది. బండికి సొట్ట పడలేదని సంతోషపడేవాళ్ళు ఈ సంగతి ఆలోచించరు.

చట్టం కూడా ఉంది. 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఈ క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని, చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. అయినా అమ్మే షాపులు అమ్ముతూనే ఉన్నాయి, బిగించేవాళ్ళు బిగిస్తూనే ఉన్నారు.

"రాత్రిపూట అడవి పంది అడ్డం వస్తే రేడియేటర్ పోదా?" అని అడుగుతారు. పోతుంది, కాదనను. శనగ చేల పక్క దారుల్లో పందుల బాధ నాకూ తెలుసు. కానీ ఆ దారిలో రాత్రి ముప్పై దాటి పోవాల్సిన అర్జెంటు ఏముంటుంది మనకి? మంచి లైట్లు, తగ్గించిన వేగం, పుల్లలూ రాళ్ళూ తగలకుండా గ్రిల్లు వెనక ఒక జాలీ. నేను చేసింది అదే. జాలీ కళ్ళు పెద్దవిగా ఉండాలి, లేకపోతే గాలి ఆడక ఇంజన్ వేడెక్కుతుంది.

ఇక బరువు లెక్క. రెండంగుళాల పైపు మూడు ఎంఎం మందంది మీటరుకి మూడున్నర కిలోలు. గార్డుకి ఎనిమిది, పది మీటర్లు పడుతుంది. అంటే ముప్పై కిలోల దాకా, అదీ ముందు యాక్సిల్ కంటే బయట. కావిడి చివర బరువు వేలాడదీసినట్టు. స్ప్రింగులు కుంగుతాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది, మెత్తటి నేలలో ముందు టైర్లు ఇంకా దిగబడతాయి. దిగబడకూడదని చేసుకునే పనికి ఇది పూర్తిగా తిరకాసు.

మేం చేసింది ఇది. నాలుగంగుళాల సీ ఛానల్, మీటరుకి తొమ్మిది కిలోల పైచిలుకు. కంపెనీ బంపర్ ఎంత పొడవుందో అంతే పెట్టాం, ఒక్క అంగుళం కూడా బయటికి రానివ్వలేదు. రెండు మూలలూ కింది నుంచి ఏటవాలుగా కోశాం. గట్టు ఎక్కేటప్పుడు ముందు టైరు తగలాలి కానీ బంపర్ కాదు. చివర్లు రేకుతో మూసి, గ్రైండర్‌తో గుండ్రంగా చేశాం. పదునైన అంచు ఎక్కడా ఉండకూడదు. అన్నీ కలిపి ఇరవై కిలోలు దాటలేదు. ఖర్చు కూడా నాలుగు వేల లోపే. కంపెనీ బంపర్‌ని పాత సామాన్లకి వేయలేదు, అటక మీద ఉంది. మీరూ అలాగే ఉంచుకోండి. చేసే ముందు మీ రవాణా శాఖ ఆఫీసులో ఒక మాట అడగడం మంచిది.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్తాను. మనలో చాలామంది దగ్గర బోరు నుంచి తీసిన పాత జీఐ పైపులు మూలన పడి ఉంటాయి. ఫ్రీగా ఉన్నాయి కదా అని వాటితో మొదలుపెడతారు. వాటి మీదుండేది జింకు పూత. వెల్డింగ్ చేస్తే తెల్ల పొగ వస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రికి చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు. మలేరియా అనుకుని టెస్టులకి పరిగెత్తిన వెల్డర్లు ఉన్నారు. తప్పనిసరిగా వాడాల్సొస్తే పూత గ్రైండ్ చేసి తీసేసి, బయట గాలిలో చేయండి. మామూలు నల్ల ఇనుము కొనుక్కోవడమే మేలు.

లాగుడు కొక్కేలని బంపర్‌కి వెల్డ్ చేయొద్దు. బంపర్ వెనక చాసీ రెండు చివర్లకి పది ఎంఎం ప్లేట్లు బోల్టులతో బిగించి, వాటికి డీ షాకిల్స్ వేయాలి. బోల్టులు 8.8 గ్రేడువి, తల మీద ఆ నంబర్ చూసి కొనండి. షాకిల్ కూడా మూడు టన్నులకి తక్కువది వద్దు, దాని మీద టన్నులు అచ్చేసి ఉంటుంది. అచ్చు లేనిది గేటుకి తాళం వేసుకోవడానికి పనికొస్తుంది. చాసీకి వెల్డింగ్ అస్సలు పెట్టకండి, వేడి తగిలిన చోట పగుళ్ళు వస్తాయి. బంపర్‌ని విప్పి కింద పెట్టుకుని వెల్డ్ చేయండి. బండి మీదే టాకాలు వేయాల్సొస్తే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే చోటుకి దగ్గరగా పెట్టండి.

లాగేటప్పుడు గొలుసు కంటే గట్టి బెల్టు మంచిది. మధ్యలో ఒక తడి గోతం వేలాడదీయండి, తెగితే ఆ బరువుకి ఊపు తగ్గి కింద పడుతుంది. చూసేవాళ్ళని, ముఖ్యంగా పిల్లలని, బెల్టు పొడవుకి రెండింతలు దూరంలో ఉంచండి. వీడియోలో మా పాలేరు పిల్లాడు పక్కకి జరగడం కనిపిస్తుంది చూడండి, కెమెరా కోసం కాదు అది.

రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు వేసి, ఆరాక నల్ల పెయింట్ వేశాం. ఛానల్ కింది వైపు రెండు చిన్న రంధ్రాలు వేయండి, లేకపోతే బురద నీళ్ళు నిలిచి లోపల్నుంచి తుప్పు పడుతుంది. మొదటి నాలుగైదు లోడ్లు వేశాక నట్లన్నిటికీ ఒకసారి స్పానర్ పెట్టి చూడండి. మా దాంట్లో ఎడమ వైపు రెండు అర చుట్టు వదులయ్యాయి.