పెట్టెల తూకమూ, పిల్లల వయస్సూ

విదేశయానానికి సిద్ధమయ్యే యువదంపతులు తూచని వస్తువంటూ ఉండదు. అమెరికా వెళ్ళేవారికి సాధారణంగా తలకు 2 పెట్టెలు, ఒక్కొక్కటి 23 కిలోలు. ఆవకాయ మొదలు ప్రెషర్ కుక్కరు వరకు అన్నీ ఇంటి దగ్గర ఒకసారి, శంషాబాదు విమానాశ్రయంలో మరొకసారి తూకానికెక్కుతాయి. జీతం డాలర్లలోనూ, రూపాయలలోనూ లెక్కకు వస్తుంది. చంకనున్న బిడ్డ వయస్సు మాత్రం టికెట్టు ధర కోసం తప్ప మరి దేనికీ లెక్కకు రాదు. నా దృష్టిలో ముందుగా వేసుకోవలసిన లెక్క అదే.

2008 మార్చిలో విమానాలు బేగంపేట నుండి శంషాబాదుకు తరలివచ్చాయి. అదే సంవత్సరం హైదరాబాదులో అమెరికా కాన్సులేటు వెలిసింది. అంతకు పూర్వం వీసా కోసం చెన్నపట్నం పోవలసి ఉండేది. నేడు వీసాకు నానక్‌రామ్‌గూడ, మొక్కుకు చిలుకూరు, ప్రయాణానికి శంషాబాదు. మూడూ ఒక్క పూటలో చుట్టి రాదగినంత దూరంలో ఉన్నాయి. దారి సుగమమైనది గదా అని నిర్ణయం కూడా తేలికగా చేయరాదు. ఇదే విమానాశ్రయం నుండి గల్ఫు దేశాలకు పోయే కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల కూలీలలో చాలామందికి భార్యాబిడ్డలను వెంట తీసుకుపోయే వీలే ఉండదు. చాలీచాలని జీతానికి అక్కడ కుటుంబ వీసా దొరకదు. కాబట్టి పిల్లలతో కలిసి వెళ్ళగలగడం ఒక భాగ్యం. ఆ భాగ్యానికి తగిన ఆలోచన కూడా ఉండాలి.

మొదట చట్టం సంగతి. హెచ్-1బి ఉద్యోగి వెంట వెళ్ళే పిల్లలకు ఇచ్చే హెచ్-4 వీసా 21 ఏళ్ళు నిండడంతో చెల్లిపోతుంది. ఉద్యోగ ప్రాతిపదికన అమెరికా ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా స్థూలంగా 7 శాతమే పరిమితి. అందుచేత మనవారిలో అత్యధికుల నిరీక్షణ పదేళ్ళను మించిపోతున్నది. రెండేళ్ళ బిడ్డతో వెళ్ళినవారికి 19 ఏళ్ళ గడువుంటే, పన్నెండేళ్ళ బిడ్డతో వెళ్ళినవారికి 9 ఏళ్ళే. ఒకే ఇంట అక్కడ పుట్టి పౌరుడైన తమ్ముడికి లేని చిక్కు, ఇక్కడ పుట్టిన అక్కకు వస్తుంది. ఆమె విద్యార్థి వీసాకు మారాలి, లేదా వెనుదిరగాలి. చట్టంలో కొంత వెసులుబాటు ఉన్నది గాని అది అందరినీ కాపాడదు. తోటి పిల్లలు సెలవుల్లో చిన్న ఉద్యోగాలు చేస్తుంటే హెచ్-4 పిల్లలకు ఆ అనుమతీ లేదు. కళాశాల చదువుకు కేంద్రప్రభుత్వ ఆర్థిక సహాయమూ అందదు. కెనడాకు శాశ్వత నివాసంతోనే వెళ్ళే కుటుంబాలలో పిల్లలకు కూడా ఆ హక్కే లభిస్తుంది. దేశాన్ని ఎంచుకొనేటప్పుడు ఈ భేదాన్ని గమనించాలి.

చట్టం దృష్ట్యా చిన్న వయస్సు మేలైతే, భాష దృష్ట్యా అదే కీడు. పన్నెండేళ్ళ బిడ్డ తెలుగు అక్షరాలతో విమానమెక్కుతాడు. రెండేళ్ళవాడి మాటలు ఇంకా పాలు తాగుతుంటాయి. బడిలో చేరిన కొద్దికాలానికే తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో బదులివ్వడం మొదలవుతుంది. "అర్థమవుతుంది గదా!" అని తల్లిదండ్రులు తృప్తిపడతారు. అర్థం కావడం వేరు, నోరు తిరగడం వేరు. పెద్దమ్మ, పిన్ని, మేనత్త అందరూ ‘ఆంటీ’ అయిపోయిన ఇంట పోయేది మాట ఒక్కటే కాదు, వరుస కూడా. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటివి వారాంతాలలో ఎంతో శ్రద్ధతో నేర్పుతున్నాయి. అయితే వారానికి కొద్ది గంటల బడి, వారమంతా తెలుగు వినిపించని ఇంటిని పూరించజాలదు. మొదటి రోజు నుండే ఇంట్లో తెలుగు మాట్లాడండి. పిల్లలు తప్పు పలికితే నవ్వకండి. నవ్వులపాలైన పిల్లవాడు మళ్ళీ నోరు విప్పడని తరగతి గదిలో ఎన్నోమార్లు చూచాను.

చిన్నవిగా తోచే పనులూ కొన్ని ఉన్నాయి. టీకాల వివరాలు తేదీలతో సహా వైద్యునిచేత ఇంగ్లీషులో వ్రాయించుకోవాలి; అక్కడి బడులు అవి చూడనిదే చేర్చుకోవు. ప్రభుత్వ కేంద్రంలో వేసే ఎం.ఆర్. టీకాలో గవదబిళ్ళల మందు ఉండదు. అక్కడ అడిగేది మూడూ కలిసిన ఎం.ఎం.ఆర్.; అదీ ఏడాది నిండిన తరువాత వేసినదైతేనే లెక్క. అమ్మానాన్నలు వచ్చి పిల్లలను చూసుకుంటారులే అనుకొనేవారు సందర్శకులకు సాధారణంగా ఆరు నెలల గడువే ఇస్తారని గుర్తుంచుకోవాలి. అల్లుని వైపువారు ఆరు నెలలు, కోడలి వైపువారు ఆరు నెలలు వంతులు వేసుకోవడం చాలా ఇళ్ళలో చూస్తున్నదే. ఆ వయస్సులో వైద్య బీమా కూడా భారమే.

వెళ్ళవద్దని నా మాటలకు అర్థం కాదు. ఎక్కడికి పోయినా బాగుపడగల శక్తి మన పిల్లలకు ఉన్నది. కాని వెళ్ళాలన్న నిర్ణయం తల్లిదండ్రులది, దాని ఫలితం అనుభవించేది అడగకుండా తీసుకుపోబడిన బిడ్డ. అందుచేత జీతం లెక్క వేసిన కాగితం మీదనే మరొక వరుస గీయండి. రాబోయే ఇరవై సంవత్సరాలూ వ్రాసి, ఒక్కొక్క దాని ఎదుట బిడ్డకు అప్పటికి ఎన్నేళ్ళో వేయండి. ఏ యేట భాష జారుతుందో, ఏ యేట వీసా ముగుస్తుందో, తిరిగి రాదలిస్తే ఏ తరగతిలో చేర్చవలసి వస్తుందో అక్కడే కనబడుతుంది. అది చూచిన తరువాత కూడా వెళ్ళాలనిపిస్తే నిశ్చింతగా వెళ్ళండి.