భూమిహక్కునకు మూలమెచ్చట?

పట్టాదారు పాసుపుస్తకము పెట్టెలోనున్నచో భూమి తనదేయని మన రైతు నిశ్చింతగా నున్నాడు. భూమి కొను పట్టణవాసి ముప్పదియేండ్ల ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు చూచుకొని బయానా ఇచ్చివేయుచున్నాడు. ఇరువురి నమ్మకమును సగము మాత్రమే నిజమని మేము చెప్పవలసియున్నది.

పట్టా మొదట శిస్తు ఎవరు చెల్లింపవలెనో తెలుపుటకై పుట్టినది. రెవెన్యూ లెక్కలో పేరున్నంత మాత్రమున హక్కు సంక్రమింపదని న్యాయస్థానములు పలుమారులు తీర్పు చెప్పియున్నవి. రిజిస్ట్రేషను సంగతియు నట్టిదే. 1908వ సంవత్సరపు చట్టము క్రింద దస్తావేజు నమోదగును. అమ్మినవానికి అమ్ము హక్కున్నదని సర్కారు పూచీపడదు. ఇక సర్టిఫికెట్టులో కానరానివెన్ని! నోటిమాటగా జరిగిన అన్నదమ్ముల పంపకము కానరాదు. రిజిస్టరు కాని వీలునామా కానరాదు. నూరు రూపాయలలోపు క్రయమునకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోవుటచే, స్వాధీనము మాత్రమే ఇచ్చి అమ్మిన తాతలనాటి మెట్టచెక్కలును కానరావు. కోర్టులలో మేము చూచు భూతగాదాలు పెక్కు ఈ సందులలోనే పుట్టుచున్నవి.

కావున వెనుకకు నడువవలెను. లింకు దస్తావేజులను ఒక్కొక్కటిగా పట్టుకొని పోయి, అవి ఆగినచోట సెటిల్‌మెంటు రిజిస్టరును తెరువవలెను. పాత సర్వేనంబరు క్రొత్త నంబరుగా మారినచోట రెండింటిని సరిచూడనివాడు పొరుగువాని చేని చరిత్రను చదివి తనదనుకొనును. కోస్తా జిల్లాలలో జమీందారీ గ్రామమైనచో, 1948వ సంవత్సరపు ఎస్టేటుల రద్దు చట్టము పిమ్మట రైత్వారీ పట్టా ఎవరికి వచ్చెనో చూడవలెను. తెలంగాణమున 1954–55 నాటి ఖాస్రా పహాణీ చూడవలెను. ఆంధ్ర జిల్లాలలో ఇనాము భూమియైనచో ఇంకను వెనుకకు, 1858లో ఏర్పడిన ఇనాము కమిషను వ్రాయించిన రిజిస్టరు వరకు పోవలెను. ఆ భూమి వ్యక్తికిచ్చినదా, గుడికిచ్చినదా, ఊరి సేవకిచ్చినదా యను సంగతి అందులోనే యున్నది. గుడికిచ్చినదని తేలెనా, నడుమ పుట్టిన దస్తావేజులెన్నియున్నను కొన్నవాని కాలిక్రింద నేల కదలును.

ప్రభుత్వములు తొందరపడినవి. తెలంగాణమున 2020లో వచ్చిన ధరణిలో అనుభవదారు గడియే లేకపోయెను. దాని స్థానమున 2025లో భూభారతి వచ్చినది. ఆంధ్రప్రదేశమున 2022నాటి భూమిహక్కు చట్టము 2023లో అమలునకు వచ్చి 2024లో రద్దయినది. సర్కారే హక్కునకు పూచీపడవలెనను ఉద్దేశము చెడ్డదని మేమనము. కాని మూలము సరిచూడక నేటి పేరును శాశ్వతము చేసినచో, గుమాస్తా కలము జారి చేసిన తప్పును దిద్దుకొను దారియు మూతపడును.

సెటిల్‌మెంటు, ఇనాము రిజిస్టరుల నకళ్లు ప్రతి గ్రామ కార్యాలయమున ప్రజలకు చూపుట కుంచవలెను. ఇది మా కోరిక. అంతవరకు పఠనమందిరముల యువకులకు పని యున్నది. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున స్థిరాస్తి దస్తావేజుల పుస్తకమును రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును. చదువురాని రైతునకు తోడుగా పోయి దరఖాస్తు వ్రాసి యిండు. పాత రిజిస్టరు చెదలు తినినదని చెప్పినచో, ఆ మాటనే కాగితముపై వ్రాసి సంతకము చేసి ఇమ్మనుడు.