పేరు మనది, టిక్కు ఎవరిది?

మన బ్రాంచిలో అమెరికా మాట రాని రోజు ఉండదు. జీఆర్ఈ, ఐ-20, వీసా స్లాట్, బ్యాంకు లోన్, అన్నీ నోటికి వచ్చు. ఒక్క ఫారం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. దాని పేరు సెలెక్టివ్ సర్వీస్. రేపెప్పుడైనా అమెరికా నిర్బంధ సైనిక సేవ, అంటే డ్రాఫ్ట్, పెట్టాల్సి వస్తే ఎవరిని పిలవాలో రాసి పెట్టుకునే జాబితా అది.

అక్కడ డ్రాఫ్ట్ 1973లోనే ఆగిపోయింది. పేర్ల నమోదు మాత్రం 1980లో మళ్ళీ మొదలైంది. 18 నుంచి 25 ఏళ్ళ మగవాళ్ళందరూ పేరు ఇవ్వాలి. సిటిజన్లే కాదు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కూడా. ఎఫ్-1 మీద వెళ్ళే మనకి, స్టేటస్ సరిగ్గా ఉన్నంతకాలం, ఆ రూల్ లేదు. కానీ చిన్నప్పుడే అమ్మానాన్నలతో వెళ్ళిన మన పిన్ని కొడుక్కి పంతొమ్మిదేళ్ళకి గ్రీన్ కార్డు వచ్చిందనుకోండి, వాడు నమోదు కావాల్సిందే. 26 నిండితే ఇక కుదరదు. ఆ తర్వాత సిటిజన్‌షిప్‌కి అప్లై చేసినప్పుడు ఆ ప్రశ్న ఎదురొస్తుంది. తెలిసీ ఎగ్గొట్టాడని తేలితే అప్లికేషన్ తిరస్కరించొచ్చు.

2025 డిసెంబర్‌లో వచ్చిన చట్టం దీన్ని మార్చింది. అది అమల్లోకి వచ్చాక కుర్రాడు ఫారం నింపక్కర్లేదు. ప్రభుత్వం తన దగ్గరున్న వేరే డేటాబేసుల్లోంచి పేర్లు తీసుకుని తనే నమోదు చేస్తుంది. సీఎస్ఈ వాళ్ళకి ఇది బాగానే కనిపిస్తుంది. రెండు టేబుల్స్ కలిపితే అయిపోయే పనికి మనిషిని ఎందుకు తిప్పడం? మర్చిపోయినందుకు సిటిజన్‌షిప్ పోయే బాధా ఉండదు. ఆ లాభాన్ని నేను కాదనను.

నా అభ్యంతరం వేరే. ఆ ఫారం నింపేటప్పుడైనా కుర్రాడు ఒక్క నిమిషం ఆగి, "యుద్ధమొస్తే నన్ను పిలుస్తారా?" అని ఆలోచించేవాడు. ఈ పద్ధతిలో ఆ నిమిషం కూడా ఉండదు. ప్రాణానికి సంబంధించిన కాలమ్‌లో డిఫాల్ట్ వాల్యూ పెట్టేశారు. పైగా ఆడపిల్లల సంగతి అలాగే ఉండిపోయింది. యుద్ధంలో పోరాడే అన్ని విభాగాలూ వాళ్ళకి తెరుస్తామని 2015లో ప్రకటించారు, జాబితాలో మాత్రం ఇప్పటికీ మగవాళ్ళే. ఆ చర్చ తేలకుండానే ఆటోమేటిక్ చేసేశారు.

"మనకి డ్రాఫ్ట్ లేదుగా, నీకెందుకు?" అంటారేమో. నిజమే, మన సైన్యంలోకి ఇష్టమున్నవాళ్ళే వెళ్తారు. కానీ 2022 జూన్ 14న అగ్నిపథ్ వచ్చినప్పుడు ఏం జరిగింది? నాలుగేళ్ళ సర్వీసు, ఆ తర్వాత 25 శాతం మందికి మించి ఉంచుకోరు. అంతకుముందే ఫిజికల్, మెడికల్ పాసై రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్ళని మళ్ళీ మొదటికి రమ్మన్నారు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్ళు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. ఆ కేసు మా సత్తెనపల్లి పక్కనున్న నరసరావుపేట దాకా వచ్చింది, అక్కడి డిఫెన్స్ అకాడమీ నడిపే ఆయన్ని అరెస్టు చేశారు. రైళ్ళు తగలబెట్టడం తప్పే. కానీ ఏళ్ళ తరబడి గ్రౌండ్‌లో పరిగెత్తినవాళ్ళకి ఒక్క మాటైనా చెప్పకుండా రూల్ మార్చడం కూడా తప్పే.

మా పల్నాటి కథలో బాలచంద్రుణ్ణి యుద్ధానికి రావద్దనే చూశారు. తనంతట తనే వెళ్ళాడు. అందుకే ఇన్ని వందల ఏళ్ళైనా కారంపూడిలో ఆ వీరులకి తిరునాళ్ళు చేస్తున్నాం. పేరు తను ఇచ్చినదానికీ, ఎవరో రాసేసినదానికీ తేడా అదే.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. నమోదు ఆటోమేటిక్ చేసినా, పద్దెనిమిది నిండిన ప్రతి ఒక్కరికీ ఒక ఉత్తరం పంపాలి: నీ పేరు చేర్చాం, ఎందుకు చేర్చామంటే ఇదీ, నీకు అభ్యంతరం ఉంటే ఎప్పుడు, ఎక్కడ చెప్పాలంటే ఇదీ అని. ఇక్కడైనా, అక్కడైనా సైన్యం రూల్ మార్చే ముందు ఆ వయసువాళ్ళని అడగాలి. మీ చుట్టాల్లో గ్రీన్ కార్డు ఉన్న కుర్రాడు ఎవరైనా ఉంటే, ఈ రాత్రికి వాడికో మెసేజ్ పెట్టండి. తన పేరు ఆ జాబితాలో ఉందో లేదో ముందు వాడికి తెలియాలి.